తడలో పాత పేపరు

పాత పేపరు విలువ తడ ఊళ్లో వానాకాలంలోనే బాగా తెలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు, పులికాట్ సరస్సు మీదుగా వీచే గాలికి ఇంట్లో ప్రతిదీ చెమ్మగిల్లుతుంది. న్యూస్‌ప్రింట్‌కు నునుపైన పైపూత ఉండదు కాబట్టి నీటిని ఇట్టే పీల్చుకుంటుంది. తడిసిన బూట్లలో ఉండలు చుట్టి కుక్కి, అవి నానగానే మారుస్తూ ఉంటే తెల్లారేసరికి బూట్లు చాలావరకు ఆరుతాయి. బీరువా అరల్లో పరచడానికి, కిటికీ అద్దాలు తుడవడానికి సరే సరి.

తుపానులో తడిసి వణికేవారికి పొడి బట్టలు మార్చి, చొక్కాకూ దుప్పటికీ మధ్య నాలుగు పొరల పొడి పేపరు పెట్టాలి; ఆ పొరల్లో చిక్కిన గాలే ఒంటి వేడిని ఆపుతుంది.

వేడి బజ్జీలను మాత్రం పాత పేపరులో కట్టనే కూడదు. సిరాలోని రసాయనాలు తిండిలోకి దిగుతాయని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది. అందుకు అరిటాకే మేలు.