మంచుదారిలో గూడుబండి

ప్రయాణం అనగానే మనవాళ్ళకు ముందు గుర్తుకు వచ్చేది సామాను. పెళ్ళికి వెళ్ళినా, పుష్కరాలకు వెళ్ళినా, సర్దుకోవడంలోనే సగం ప్రయాణం జరిగిపోతుంది. పూర్వం తిరునాళ్ళకు గూడుబండి కట్టుకొని వెళ్ళేవారు. లోపల వరిగడ్డి పరచి, పైన బొంత వేసి, పిల్లలను కూర్చోబెట్టి, బియ్యం మూట, పచ్చడి జాడీ, వంటపాత్రలు సర్దుకొని, బండి కింద గోనెపట్టా కట్టి అందులో ఎద్దులకు మేత వేసుకొని కదిలేవారు. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే ఎద్దులను విప్పడం, మూడు రాళ్ళు పెట్టి వంట చేసుకోవడం. ఇల్లే చక్రాల మీద నడిచి వచ్చేదన్నమాట. ఆ గూడుబండి మన రోడ్ల మీద దాదాపు కనుమరుగైపోయింది. ఐరోపా రోడ్ల మీద మాత్రం దానికి దూరపు చుట్టమొకటి విరివిగా తిరుగుతున్నది. ఎద్దులు లేవు, డీజిలు ఇంజను ఉన్నది.

మా చెల్లెలూ, బావగారూ జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర పన్నెండేళ్ళు ఉన్నారు. బావగారు ఇంజనీరు. కొన్నేళ్ళ క్రిందట డిసెంబరు చివర నేను కాలేజీకి సెలవు పెట్టి వాళ్ళ దగ్గరకు వెళ్ళాను. ఆ చలికాలమే వాళ్ళకక్కడ ఆఖరుది. బావగారి తల్లిదండ్రులకు వయసు మళ్ళింది. చూసుకునేవారు దగ్గర లేరు. జూను నాటికి హైదరాబాదు వచ్చేయాలని నిశ్చయించుకున్నారు. వచ్చేముందు మోటారు ఇంటిని అమ్మేయాలి. అందుకని, "ఈ ఒక్కసారి నువ్వుకూడా రా అన్నయ్యా, మంచు చూద్దువుగాని" అని చెల్లెలు పట్టుబట్టింది.

వాళ్ళ మోటారు ఇల్లు చిన్నది. పొడుగు ఆరు మీటర్లు. వెడల్పు రెండు మీటర్లకు కాస్త ఎక్కువ. సామాన్లు చేరవేసే వ్యానునే ఇల్లుగా మలిచారు. ముందు నాలుగు సీట్లు, పక్కన రెండు పొయ్యిల వంటగట్టు, ఎదురుగా బీరువా అంత స్నానాలగది, వెనుక ఒకదానిపై ఒకటిగా రెండు పడకలు. దానిలో నలుగురు మనుషులం ఐదురోజులు ఉండాలి. అదీగాక ముగ్గురి స్కీ సామాను ఎక్కాలి. నాకు స్కీలు రావు. బావగారికి, చెల్లెలికి ఓ మోస్తరుగా వచ్చు. పధ్నాలుగేళ్ళ మేనకోడలు మాత్రం ఆరో ఏటనుంచీ వాటి మీదనే పెరిగింది.

స్కీలంటే మంచు మీద జారిపోవడానికి పాదాలకు బిగించుకొనే పొడుగాటి బద్దలు. ఆ మాట నార్వే భాషనుంచి వచ్చింది; చీల్చిన కొయ్య అని మూలార్థం. 1888లో నాన్సెన్ అనే నార్వే సాహసి స్కీల మీద గ్రీన్లాండును అడ్డంగా దాటాడు. ఆ ప్రయాణాన్ని గురించి అతడు రాసిన పుస్తకం చదివి ఆల్ప్స్ పర్వతప్రాంతాలవారికి స్కీల మీద మోజు పుట్టింది. మన మనుచరిత్రలో ప్రవరుడు కాళ్ళకు పసరు పూసుకొని హిమాలయాలకు వెళ్ళాడు. మంచుకు ఆ పసరు కరిగిపోయి ఇంటికి తిరిగిరాలేక అవస్థ పడ్డాడు. వీళ్ళు పసరుకు బదులు కొయ్యబద్దలు కట్టుకున్నారు. అవి కరగవు గాని, వాటిని మోసుకుపోవడమే పెద్ద పని.

ఆ పని ఎంత పెద్దదో బయలుదేరే ముందురోజున తెలిసింది. అక్కడ మామూలు కారు లైసెన్సుతో నడిపే బండి, మనుషులతో సామానుతో కలిపి 3,500 కిలోలు దాటకూడదు. బావగారు అన్నీ సర్ది, నీళ్ళ తొట్టె నింపి, మమ్మల్ని నలుగురినీ ఎక్కించి లారీల కాటా దగ్గరకు తీసుకుపోయారు. ముల్లు 3,545 చూపింది. స్కీ సామాను విడిగా తూచి ఉంచారు. మూడు జతల స్కీలు 16 కిలోలు, బూట్లు 11, ఊతకర్రలూ శిరస్త్రాణాలూ 5, మంచు దుస్తులు 13. మొత్తం 45 కిలోలు. ఎక్కువైన బరువు సరిగ్గా అంతే!

"స్కీలు దించేసి అక్కడ అద్దెకు తీసుకుంటే సరి" అన్నారు బావగారు. మేనకోడలు మాట్లాడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నది. "ఈ ఒక్కసారికీ దాని స్కీలు దాన్ని తెచ్చుకోనివ్వండి" అన్నది చెల్లెలు. "అయితే నీ పదికిలోల బియ్యం, రుబ్బిన పిండి డబ్బా దించుదామా?" అన్నారాయన. "బియ్యం దించే ప్రసక్తే లేదు" అన్నది చెల్లెలు. నేను నవ్వి ఊరుకున్నాను.

చివరకు దారి చూపించింది నీళ్ళే. తొట్టెలో వంద లీటర్లు పడతాయి. లీటరు నీళ్ళు ఒక కిలో. ఇరవై లీటర్లు ఉంచుకొని ఎనభై వదిలేశారు. దారిలో చేతులు కడుక్కోవడానికి అవి చాలు. విడిదికి వెళ్ళి నింపుకోవచ్చు. ముల్లు 3,465కు దిగింది. మేనకోడలు కిటికీవైపు నుంచి ఇటు తిరిగింది.

ఇక సామాను ఎక్కడ పెట్టాలన్నది రెండో ప్రశ్న. మూడు పద్ధతులున్నాయి. పైకప్పు మీద పెట్టె బిగించడం ఒకటి. బండి ఎత్తు పెరుగుతుంది, గాలి కొడుతుంది, మంచు పట్టిన నిచ్చెనెక్కి దించుకోవాలి. వెనుక తలుపుకు చట్రం తగిలించి అందులో నిలబెట్టడం రెండోది. అందుకోవడం సులువే గాని, రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు చక్రాలనుంచి ఎగిరి స్కీల అంచులకున్న ఉక్కును తుప్పు పట్టిస్తుంది. అంతకంటె పెద్ద చిక్కు మన బండివాళ్ళకు బాగా తెలుసు. సామాను ఇరుసుకు వెనుకగా మొగ్గితే కాడి పైకి లేచి ఎద్దులకు పట్టు తప్పుతుంది. మోటారుబండికీ అదే సూత్రం. వెనుక వేలాడే బరువు ముందు చక్రాలను తేలిక చేస్తుంది. మా బండిని లాగేవి ముందు చక్రాలే. మంచు మీద వాటికి పట్టు తప్పితే ఎక్కుడు ఎక్కలేం.

మూడో పద్ధతి లోపల పెట్టుకోవడం. బావగారు దానినే ఎంచుకున్నారు. కింది పడక అడుగున స్కీలను గుడ్డసంచుల్లో చుట్టి నిలువుగా పరిచి, రెండుచోట్ల పట్టీలతో నేలకొక్కేలకు బిగించారు. "బండికి హఠాత్తుగా బ్రేకు వేస్తే కట్టని స్కీ ఈటెలా దూసుకొస్తుంది బావగారూ" అని చెప్పి, నాచేత కూడా ఒక పట్టీ లాగించి చూశారు. బూట్లను మాత్రం అక్కడ పెట్టలేదు. వాటి కథ తరువాత చెపుతాను.

దారిలో ఇస్నీ అనే చిన్న ఊళ్ళో కాఫీకి ఆగాము. మోటారు ఇళ్ళవారికి అదొక పుట్టిల్లు. అక్కడ డెట్‌లెఫ్స్ అనే కుటుంబానికి కొరడాలూ, స్కీ ఊతకర్రలూ చేసే కర్మాగారం ఉండేది. ఆ ఇంటి కుర్రవాడు ఆరిస్ట్ వ్యాపారం పనిమీద ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతూ ఉండేవాడు. అతడు చేసుకోబోయే అమ్మాయి చిత్రకారిణి. తానుకూడా వెంటవచ్చి బొమ్మలు వేసుకుంటానన్నది. ఆమె కోసం 1931లో అతడు కారు వెనుక తగిలించుకొనే చక్రాల ఇల్లొకటి కట్టాడు. జర్మనీలో ఆ మాదిరి ఇళ్ళకు అదే ఆది. గుర్రపుబండి కొరడా, స్కీ ఊతకర్ర, చక్రాల ఇల్లు—మూడూ ఒకే ఇంట పుట్టాయన్నమాట!

ఫ్యూసెన్ దాటితే ఆస్ట్రియా దేశం. అక్కడ నవంబరు 1 నుంచి ఏప్రిలు 15 వరకు రోడ్డు మీద మంచు ఉంటే చలికాలపు టైర్లు లేకుండా బండి నడపకూడదని చట్టం. నీలిరంగు గుండ్రటి పలక మీద గొలుసు బొమ్మ కనిపిస్తే టైర్లకు గొలుసులు చుట్టవలసిందే. మాకు ఆ అవసరం రాలేదు. రోడ్డు శుభ్రంగానే ఉన్నది గాని, వాహనాలు చీమలబారులా ఉన్నాయి. రోమనుల కాలంలో, క్రీస్తుశకం ఒకటో శతాబ్దిలోనే, ఈ కనుమదారిన ఇటలీనుంచి రహదారి వేశారు. సెలవురోజుల్లో ఈ దారిన వెళ్ళేవారికి, ఆ రోమను సైనికులు మనకంటె త్వరగా వెళ్ళి ఉంటారేమోనని అనిపించక మానదు.

సాయంత్రానికి ఎర్వాల్డ్ చేరాము. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున, పళ్ళెంలాంటి మైదానం అంచున ఉన్న ఊరు. ఊరి నెత్తిమీద 2,962 మీటర్ల ఎత్తున త్సుగ్‌ష్పిట్సే శిఖరం గోడకట్టినట్టు నిలబడి ఉంటుంది. జర్మనీ దేశానికంతటికీ అదే ఎత్తయిన శిఖరం. సరిహద్దు దానిమీదుగా పోతుంది. ఇటువైపునుంచి 1926లోనే తాళ్ళమీద నడిచే పెట్టె ఏర్పాటు చేశారు. సూర్యుడు అస్తమించేటప్పుడు ఆ గోడ మొదట పండిన దానిమ్మరంగు, తరువాత గులాబిరంగు, చివరకు బూడిదరంగు అయినది. నలుగురమూ బండిలోంచి దిగి, మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డాము.

ఆ రాత్రి బయట సున్నాకు దిగువన పన్నెండు డిగ్రీలు. గూడుబండిలో చలికి దుప్పటి కప్పుకుంటే సరిపోయేది. ఇక్కడ చలితో లెక్కలు కట్టుకోవాలి. మన వంటగ్యాసులో బ్యూటేనూ ప్రొపేనూ కలిసి ఉంటాయి. బ్యూటేను సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేను సున్నాకు దిగువన నలభై రెండు దాకా పనిచేస్తుంది. అందుకని చలికాలంలో అచ్చమైన ప్రొపేను సిలిండర్లే వాడాలి. బండి కింద ఉండే వాడిననీళ్ళ తొట్టె గడ్డకట్టకుండా, దాని కుళాయి తెరిచి కింద బకెట్టు పెట్టాలి. ముందు అద్దాలకు దళసరి పరుపుల వంటి తెరలు వేయాలి. నలుగురి ఊపిరిలోని తేమ గోడలకు చెమటలా పట్టకుండా, ఎంత చలిగా ఉన్నా పూటకు రెండుసార్లు తలుపు తీసి గాలి మార్చాలి. చేతిబ్రేకు వేసి ఉంచితే తడి గడ్డకట్టి చక్రం బిగుసుకోవచ్చు. గేరులో నిలిపి చక్రాలకు అడ్డు పెట్టుకోవాలి.

రాత్రి మూడు గంటలకు మెలకువ వచ్చింది. వేడిగాలి చప్పుడు ఆగిపోయింది. మొదటి సిలిండరు అయిపోయిందని బావగారు అప్పటికే లేచి కోటు తొడుక్కుంటున్నారు. లోపలి వేడి తొమ్మిది డిగ్రీలకు దిగింది. ఇంకా మూడుకు దగ్గరగా దిగితే, నీళ్ళు కాచే తొట్టెకున్న మీట తనంతట తానే తెరుచుకొని, గొట్టాలు పగలకుండా నీళ్ళన్నీ నేలపాలు చేస్తుంది. నేను టార్చి పట్టుకొని వెంట వెళ్ళాను. గ్యాసు బిగింపుకు ఎడమవైపు తిరిగే మర ఉంటుంది. తొడుగులతో అది తిరగదు. తొడుగులు తీస్తే వేళ్ళు ఇనుముకు అంటుకుపోయేటట్టున్నాయి. ఆయన నోటితో ఊదుకుంటూ, విప్పి, మార్చి, బిగించారు. లోపలికి వచ్చి కూర్చున్నాక, "జూను తరువాత ఈ పని ఉండదు బావగారూ" అన్నారు. అది సంతోషమో దిగులో చీకట్లో నాకు తెలియలేదు.

తెల్లవారి బూట్ల మహత్యం చూశాను. స్కీ బూట్లు గట్టి ప్లాస్టిక్కువి. చలికి కొయ్యబారితే కాలు దూరదు. అందుకని రాత్రంతా వాటిని వేడిగాలి వచ్చే గొట్టం ముందు బోర్లించారు. అటుపక్క బండిలో బూట్లను సామానుగదిలోనే వదిలేసిన కుటుంబం అరగంటసేపు కుస్తీ పట్టింది. మావాళ్ళు ఐదు నిమిషాల్లో తొడుక్కొని బయలుదేరారు. నేను వాలు కింద బల్ల మీద కూర్చొని చూశాను. బావగారు జాగ్రత్తగా, చెల్లెలు దేవుణ్ణి తలుచుకుంటూ వచ్చారు. మేనకోడలు మాత్రం నీటిలో చేపలా వచ్చింది. కిందికి దిగువగా ఉన్న వాలుల మీద మంచు పలచగా ఉన్నది. యంత్రాలతో నీళ్ళను చిమ్మి మంచు చేసి పరుస్తున్నారు. వెచ్చని చలికాలాలు ఎక్కువయ్యాక తక్కువ ఎత్తు వాలులు అనేకం ఆ యంత్రాల మీదనే బతుకుతున్నాయి.

ఆఖరు సాయంత్రం, విడిదిలో స్కీలు ఆరబెట్టే గదిలో మేనకోడలు తన స్కీలు తుడుస్తూ ఉన్నది. అంచుల ఉక్కు మీద తడి లేకుండా పొడిగుడ్డతో ఒకటికి నాలుగుసార్లు రుద్దింది.

"మామయ్యా, మన హైదరాబాదులో వీటిని ఎక్కడ పెడతాం?" అని అడిగింది.

కాశ్మీరులో గుల్మార్గ్ ఉన్నది, ఉత్తరాఖండులో ఔలీ ఉన్నది, మన దేశంలోనూ స్కీలున్నాయి అని చెప్పాను. ఆమె తల ఊపింది. తరువాత, "తాతయ్య ఎక్కువ దూరం నడవలేరట గదా?" అన్నది. అవునన్నాను. "అయితే వెళ్ళాలిలే" అని స్కీలను సంచిలో పెట్టి పట్టీ బిగించింది.

మే నెలలో మోటారు ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు ఇద్దరు చిన్నపిల్లలున్న దంపతులు. బావగారు వాళ్ళకు గ్యాసు మర, నీటి మీట, వేడిగాలి గొట్టం అన్నీ చూపించి, సామాను ఇరుసుల మధ్యనే ఉంచుకోండి అని మరీ మరీ చెప్పారట. ఇంటిసామాను ఓడకు వేసేటప్పుడు పెద్దవాళ్ళ స్కీలు రెండు జతలూ అక్కడే ఇచ్చేశారు. "గుల్మార్గ్ వెళ్ళేనాటికి ఇవి నీకు పొట్టివైపోతాయమ్మా, అక్కడ అద్దెకు దొరుకుతాయి" అన్నారట బావగారు, కూతురితో.

"తెలుసు నాన్నా" అని, ఆ పిల్ల తన జతను దుప్పట్ల మధ్య పెట్టి, పెట్టె మూత వేసిందట. తూకం కాగితంలో బావగారే రాశారు: స్కీలు, ఒక జత, 5 కిలోలు.