అత్తయ్యకు రెండు ఉత్తరాలు

ఆత్రేయపురం, మే

అత్తయ్యా,

సైదాబాద్‌లో మన డాబా మీద ఈపాటికి వడియాలు గలగలమంటూ ఉంటాయి. ఇక్కడా ఎండ మండిపోతోంది గానీ, గోదావరి గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంటోంది. ఒక పెరట్లో తాండ్ర పోస్తుంటే నిలబడిపోయాను. తియ్యటి మామిడి రసాన్ని చాప మీద పలచగా పూస్తారు. ఆరాక ఇంకో పూత. రోజుల తరబడి ఇదే పని. వేలికి అంటుతున్నంతసేపూ పైపూత వెయ్యరు, తొందరపడితే లోపల పులిసిపోతుందట. ఈగలకీ, దుమ్ముకీ, ఉన్నట్టుండి కమ్మే మబ్బుకీ కాపలా తప్పదు.

సోలార్ డ్రయ్యర్ విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది. అద్దం మూత, లోపల నల్లరంగు, కింద గాలి వచ్చే సందు, పైన పోయే గొట్టం. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 50 డిగ్రీలకు వేడిచేస్తే ఆ తేమ శాతం 28కి పడిపోతుంది. నీళ్లు పోలేదు, గాలికి దాహం పెరిగిందంతే. ఆ గాలి కదలకపోతే మాత్రం ముక్కలు ఆరడం మాని ఉడుకుతాయి. హైదరాబాద్‌లో ప్రొఫెసర్ రామకృష్ణారావు గారి ‘సీడ్’ సంస్థ తన డ్రయ్యర్లకు సోలార్ ఫ్యాన్లు పెట్టింది అందుకే.

సస్పోల్, లడఖ్, ఆగస్టు

అత్తయ్యా,

మీరు ఖుబానీ కా మీఠాకి కొనే ఖుబానీలు ఇక్కడ మిద్దెల మీద పరిచి ఉన్నాయి! వాటిని చులీ అంటారు. ఊరు మూడు వేల మీటర్ల ఎత్తు. పెదవులు పగిలేంత పొడిగాలి, కాబట్టి పండు ఎలాగూ ఆరుతుంది. డ్రయ్యర్ ఇక్కడ దుమ్ముని ఆపడానికీ, నేరుగా తగిలే ఎండకి రంగు పోకుండా చూడడానికీ. గాలి మరీ ధారగా పోతే పైతొక్క గట్టిపడి లోపలి తడి అక్కడే చిక్కుకుంటుంది. అందుకని గోదావరి ఒడ్డున బార్లా తెరవాల్సిన గొట్టాన్ని ఇక్కడ సగం మూయాలి.

మనకీ ఒక డ్రయ్యర్ కొందామా అని అడిగారు కదా. మే నెలకి వద్దు, పాతచీర చాలు. మాదన్నపేటలో టమాటాలు చవకయ్యే చలికాలానికి పనికొస్తుంది, పొద్దు చిన్నది కాబట్టి. వానాకాలం మబ్బులో అదీ చేతులెత్తేస్తుంది, అప్పుడు ఒరుగుల జోలికి వెళ్లకండి. మామయ్యగారు కొనడానికి వెళ్తే, గొట్టానికి తెరిచి మూసే రేకు ఉందో లేదో చూసి మరీ డబ్బివ్వమనండి.