రెండో అసిస్టు

ఎడ్మంటన్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు పోయిన చలికాలం నన్ను ఐస్ హాకీ ఆటకు లాక్కెళ్ళాడు. గోలు కొట్టినవాడికి ఒక పాయింటు. వాడికి బిళ్ళ అందించినవాడికి ఒకటి. ఆ అందించినవాడికి అందించినవాడికీ మరొకటి! వీటిని అసిస్టులంటారట.

"ఇదెక్కడి ధర్మంరా? కొట్టినవాడూ, అందించినవాడూ ఒకటేనా?" అన్నాను.

"గ్రెట్‌స్కీ సంగతి విను, అన్నయ్యా. 1999లో ఆట మానేనాటికి నేషనల్ హాకీ లీగ్‌లో ఆయన గోల్సు 894, అసిస్టులు 1963. ఆ గోల్సన్నీ తీసేసినా, మొత్తం పాయింట్లలో ఇంకెవడూ ఆయన్ని అందుకోలేదు. గోల్సు రికార్డు 2025లో ఒవెచ్కిన్ దాటాడు. అసిస్టులది అలాగే ఉంది."

"సరే, మొదటి అసిస్టు ఒప్పుకున్నాను. రెండోది మరీ విడ్డూరం. బిళ్ళ కర్రకు ఊరికే తగిలిపోయినా పాయింటేనా?"

"ఒక్కోసారి అంతే. ఒక్కోసారి మాత్రం గోలు అక్కడే పుడుతుంది," అన్నాడు వాడు.

నేను మరి మాట్లాడలేదు. నాన్నగారు పోయాక అక్కయ్య చదువు మానేసి, మిషను కుట్టి, నన్ను ఎం.ఏ. చదివించింది. నేను తమ్ముణ్ణి చదివించాను. ఊళ్ళో వాణ్ణి మెచ్చుకున్నప్పుడల్లా నా పేరూ చెబుతారు. అక్కయ్య పేరు ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తలేదు.

ఇంటికి రాగానే ఫోను చేశాను. తీరా ఏం చెప్పాలో తోచక, "మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయక్కయ్యా?" అని అడిగాను.