సారెలో పిల్లి

వదినగారూ, ఓసారిలా గోడ దగ్గరికి రండి. ఉల్లిపాయలకి కాదండీ, అవి ఉన్నాయి. మీ అమ్మాయి దసరా వెళ్ళగానే జర్మనీకి, అల్లుడుగారి దగ్గరికి వెళ్ళిపోతోందనీ, పిల్లిని కూడా పట్టుకెళ్తానని మంకుపట్టు పట్టిందనీ పాలబ్బాయి చెప్పాడు. నిజమేనా? కావిళ్ళతో సారె పంపిన ఊళ్ళు మనవి. సున్నుండలు, అరిసెలు, కాజాలు సరే. సారెలో పిల్లి మాత్రం ఇదే వినడం.

మీ అత్తగారు నిన్న అరుగు మీద కూర్చుని, పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి పోయినట్టుందని గొణుక్కుంటున్నారు. శకునం మాట దేవుడెరుగు, అమ్మాయి ప్రయాణానికి పంతులుగారు ముహూర్తం చూశారు. మరి పిల్లి ముహూర్తం ఎవరైనా చూశారా?

ఇది ఆషాఢం కదా, వేళ్ళు మడవండి. పిల్లిని యూరప్ తీసుకెళ్ళాలంటే ముందు చిప్పు. బియ్యపు గింజంత ఉంటుంది, మెడ వెనకాల తోలు కింద సూదితో పెడతారు. అందులో 15 అంకెల నంబరు తప్ప ఇంకేం ఉండదు. సెల్‌ఫోన్‌లా ఎక్కడ తిరుగుతోందో చెప్పదు, మా పాలగిన్నె ఎవరు నాకారో అస్సలు చెప్పదు. చిప్పు పెట్టాక రేబిస్ టీకా. టీకా వేశాక 30 రోజులాగి రక్తం తీసి, యూరప్ వాళ్ళు ఒప్పుకున్న ల్యాబుకే పంపాలి. టీకా ఒంటికి పట్టిందని అక్కడ తేలాలి. తేలినా సరే, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు కదలకూడదు. రేబిస్ విషయంలో మన దేశాన్ని వాళ్ళు నమ్మే జాబితాలో పెట్టలేదు మరి. ఇవాళ సూది పొడిపించినా కార్తీకమాసం వచ్చేస్తుంది. దసరా ఎక్కడ, కార్తీకం ఎక్కడ!

ఇదంతా నాకెలా తెలుసంటారా? మా చెల్లెలి కూతురు నెదర్లాండ్స్‌కి పిల్లిని తీసుకెళ్ళిందిగా. ఎవరో పశువుల డాక్టరు టీకా ముందు వేసి, చిప్పు తర్వాత పెట్టాడు. ఆ టీకా లెక్కలోకి రాదన్నారు. మళ్ళీ మొదటికి! డాక్టరుకి ఒక పొరపాటు, దానికి నాలుగు నెలలు. చివరికి శంషాబాద్ దగ్గరున్న జంతు క్వారంటైన్ ఆఫీసుకి బుట్టతో సహా వెళ్ళి కాగితాలు చేయించుకుంది. ఆ ఆరోగ్య సర్టిఫికెట్ కూడా పది రోజులే పనికొస్తుందట, మన వీసాలే నయం. మా మరిది వాళ్ళ డాలస్ అయితే ఇంత గొడవ లేదు, అక్కడ రేబిస్ కట్టుదిట్టాలు ఎక్కువగా కుక్కలకే.

పిల్ల ముందెళ్ళి, పిల్లిని సంక్రాంతికి ఎవరితోనైనా పంపుదామంటారేమో. కుదరదండీ. యజమాని ప్రయాణానికి అటూ ఇటూ ఐదు రోజుల్లోనే పిల్లి కూడా కదలాలి. లేదంటే వ్యాపారానికి తెచ్చిన జంతువు కింద కడతారు, దాని నిబంధనలు వేరే. ఏడిళ్ళు తిరిగే జాతికి ఇన్ని అడ్డంకులు!

అయినా మీ అమ్మాయిని నేనేమీ అనను. మన తణుకు డాక్టరుగారు గుర్తున్నారా, గిరికుమార్ పాటిల్? తాడేపల్లిగూడెం దాటి ఇంకాస్త వెళితే తణుకే కదా. 2007లో వైద్యం చదవడానికి ఉక్రెయిన్ వెళ్ళి, అక్కడే ఎముకల డాక్టరయ్యారు. ఆయన పెంచిన పిల్లులేంటో తెలుసా? ఒకటి జాగ్వార్, ఒకటి నల్లచిరుత. కీవ్ జూ నుంచి తెచ్చుకున్నారట. చిరంజీవి ‘లంకేశ్వరుడు’లో చిరుతని చూసి ముచ్చటపడ్డానని ఆయనే చెప్పారు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం వచ్చింది. మన పిల్లలంతా ఆపరేషన్ గంగ విమానాలు ఎక్కుతుంటే, ఆయన సెవెరోదొనెత్స్క్‌లో నేలమాళిగలోకి దిగి వాటితోనే ఉండిపోయారు. చుట్టుపక్కల ఊళ్ళలో రెట్టింపులకి రెట్టింపులు పోసి మాంసం తెచ్చి పెట్టారు. అప్పుడు మన ప్రభుత్వం పెంపుడు కుక్కలకీ పిల్లులకీ నిబంధనలు సడలించింది, విద్యార్థులు కొందరు వాటిని చంకనేసుకుని దిగారు కూడా. జాగ్వార్‌కి ఆ వెసులుబాటు ఎక్కడిది? చివరికి వాటిని ఓ రైతు దగ్గర వదిలి ఆయన పోలండ్ వెళ్ళాల్సొచ్చింది. ఇంట్లో పులిని పెంచడం నాకు ముచ్చటగా ఏమీ అనిపించదు, ఆ మాట మొహం మీదే చెబుతాను. కానీ ఆ నేలమాళిగ గుర్తొస్తే మాత్రం నోరు పెగలదు వదినగారూ.

సరే, ఇక మీ పిల్లి బుజ్జి సంగతి. పెట్టె ఇప్పుడే కొనండి. అందులో అది నిలబడి, చుట్టూ తిరిగి, పడుకునేంత చోటుండాలి. తలుపు తీసి వరండాలో ఉంచి, అమ్మాయి పాత చున్నీ ఒకటి వేసి, తిండి అందులోనే పెట్టండి. కార్తీకం నాటికి అదే దాని ఇల్లైపోతుంది. ప్రయాణం రోజున పడుకుంటుంది కదాని మత్తుమందు మాత్రం ఇవ్వకండి, విమానంలో ఊపిరికి ప్రమాదం.

ఏంటలా మౌనంగా ఉన్నారు? ఓహో! పిల్లి కోసం ఆగితే అమ్మాయి కూడా కార్తీకం దాకా మీ దగ్గరే ఉంటుందనా? ఆ నవ్వు కొంగుతో దాచకండి, గోడ ఇవతలికి కనబడుతోంది. అల్లుడుగారికి ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం.

ఉండండుండండి, వెళ్ళిపోకండి. మావారు ఏలూరు నుంచి బొచ్చె చేపలు తెచ్చారు, తలకాయలు రెండు దానికని తీసి ఉంచాను. అదుగో, గోడ మీదే కూర్చుని అంతా వింటోంది. ఇదిగో గిన్నె. కడిగి సాయంత్రం ఇచ్చెయ్యండి, పోయినసారి గిన్నె ఇంకా మీ ఇంట్లోనే ఉంది.