కీబోర్డు లేని టెర్మినల్

మా నాన్న సికింద్రాబాద్‌లో రైల్వే రిజర్వేషన్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. 1994లో కాన్సర్ట్ అనే కొత్త రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్‌ను రైల్వే వాళ్ళు మొట్టమొదట పెట్టింది సికింద్రాబాద్‌లోనే. అప్పుడు కౌంటర్లో కూర్చున్న వాళ్ళలో నాన్న ఒకరు. లోపలెక్కడో పెద్ద కంప్యూటర్, కౌంటర్ మీద టెర్మినల్. టెర్మినల్ అంటే తెర, కీబోర్డు, అంతే. సొంత బుర్ర ఉండదు. నొక్కిన అక్షరాన్ని పెద్ద కంప్యూటర్‌కు పంపుతుంది, అది తిప్పి పంపినదాన్ని చూపిస్తుంది.

నాన్నకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ కౌంటర్ సంగతులు ఆయన నోట వినని రోజు లేదు. అందుకే పాత సామాను కొట్లో డెక్ కంపెనీ వీటీ220 టెర్మినల్ కనబడగానే బేరం కూడా చేయకుండా కొన్నాను. ఏదో ఆఫీసు వేలంలో లాటుగా వచ్చిందట. కీబోర్డు ఏదని అడిగాను. “కీబోర్డులన్నీ ప్లాస్టిక్‌ల పోయినయ్ మేడమ్, వైర్లు రాగిల పోయినయ్” అన్నాడు.

ఇంటికి తెచ్చి కరెంటు ఇస్తే తెర వెలిగింది, కీబోర్డు లేదన్న లోపం చూపించి ఆగిపోయింది. చప్పుడు కూడా లేదు. ఈ టెర్మినల్‌కు బీప్ శబ్దమూ, మీట నొక్కినప్పుడు వచ్చే టిక్కూ కీబోర్డులో ఉన్న చిన్న స్పీకర్ నుంచే వస్తాయి. వేగం మార్చాలన్నా, ఇంకే అమరిక మార్చాలన్నా కీబోర్డు మీది ఎఫ్3 మీట నొక్కితేనే సెటప్ తెరుచుకుంటుంది. కీబోర్డు లేకపోతే ఆ యంత్రం మూగదీ, చెవిటిదీ.

దానికి కావలసింది ఎల్‌కే201 అనే కీబోర్డు. 1982లో వచ్చింది. ఇవాళ మన కంప్యూటర్ల మీద బాణం మీటలు కింద మూడు, పైన ఒకటిగా ఉండే వరసను వాడుకలోకి తెచ్చింది ఇదే. లోపల నాలుగే తీగలు: పన్నెండు వోల్టుల కరెంటు, గ్రౌండ్, వచ్చే మాట, పోయే మాట. టెర్మినల్, కీబోర్డు సెకనుకు 4800 బిట్ల వేగంతో అటూ ఇటూ మాట్లాడుకుంటాయి. దీపం వెలిగించమనీ, టిక్కు శబ్దం తగ్గించమనీ టెర్మినల్ కీబోర్డుకు ఆజ్ఞలు పంపుతుంది. మన పీసీ కీబోర్డుకు ఈ భాష తెలియదు. డెక్ వాళ్ళవే అయినా అన్నీ కలవవు. 1978 నాటి వీటీ100 కీబోర్డుకు హెడ్‌ఫోన్ పిన్ను లాంటిది ఉంటుంది. 1993లో వచ్చిన వీటీ510 పీఎస్/2 కీబోర్డు తీసుకుంటుంది. ఆ రెండూ నా వీటీ220కు పనికిరావు.

కోఠీ గుజరాతీ గల్లీలో అడిగాను. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ కింది నుంచి పై దాకా తిరిగాను. ఎల్‌కే201 పేరు చెబితే చాలామంది మొహం కూడా ఎత్తలేదు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఒక పెద్దాయన మాత్రం ఫోటో చూసి పోల్చుకున్నారు. ఒకప్పుడు గుట్టలుగా ఉండేవట, కిలోల లెక్కన పోయాయట. చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒకాయన వేరే కంపెనీ టెర్మినల్ కీబోర్డు తీసి, “ప్లగ్గు పడుతుంది కదా, తీసుకోండి” అన్నాడు. నిజంగానే పడుతుంది. ప్రమాదం అక్కడే ఉంది. టెలిఫోన్ రిసీవర్ తీగకు ఉండే ఆ చిన్న ప్లగ్గును ఎన్నో కంపెనీలు వాడుకున్నాయి. తొలి మాకింటోష్ కీబోర్డుకూ అదే ప్లగ్గు. కాని అది అయిదు వోల్టులది. వీటీ220కు తగిలిస్తే పన్నెండు వోల్టులు దాని నెత్తిన పడతాయి. అందుకే రిచీ స్ట్రీట్ కీబోర్డు తీసుకోలేదు.

చివరికి విదేశంలో ఒక అమ్మకందారు దగ్గర దొరికిందనుకున్నాం. “డెక్ వీటీ టెర్మినల్ కీబోర్డు” అని రాశాడు. కొరియర్, కస్టమ్స్ కలిపి కీబోర్డు ఖరీదును మించాయి. పెట్టె విప్పితే తీగ చివర గుండ్రటి పీఎస్/2 ప్లగ్గు. వీటీ510 కాలం నాటిది. చూడటానికి అచ్చం అదే, పనికి మాత్రం రాదు. అమ్మినవాడు తిరిగి తీసుకోనన్నాడు. ఆ పూట నాన్న మొహం చూడలేకపోయాను. ఆయన ఏమీ అనలేదు, “పోనీలేమ్మా” అన్నారు. ఆ మాటే ఎక్కువ బాధించింది.

అసలైన ఎల్‌కే201 దొరికేసరికి వర్షాకాలం వెళ్ళిపోయింది. అమెరికాలో ఉంటున్న మా పిన్ని కొడుకు అక్కడి పాత ఎలక్ట్రానిక్ సామాన్ల సంతలో పట్టుకుని, ఊరికి వస్తూ సూట్‌కేసులో తెచ్చాడు. దానికీ తీగ లేదు. మా ఇంట్లో మూలపడ్డ ల్యాండ్‌లైన్ ఫోన్‌కు మెలికల తీగ ఉంది, ప్లగ్గు అదే. ఇలాంటి తీగల్లో కొన్నిటికి రెండు చివరలా తీగల వరస ఒకటే, కొన్నిటికి తలకిందులు. వరస తప్పితే పన్నెండు వోల్టులు పోకూడని చోటికి పోతాయి. అంత కష్టపడి సంపాదించిన కీబోర్డును ఊహ మీద తగిలించలేను. మల్టీమీటర్ పట్టుకుని ముందు టెర్మినల్ సాకెట్, తర్వాత తీగ, తర్వాత కీబోర్డు లోపలి గ్రౌండ్, ఒక్కొక్కటే కొలిచి, సరిపోయిందని తేలాకే పెట్టాను. కీబోర్డు మీది నాలుగు దీపాలూ మిణుకుమన్నాయి. బీప్ వినబడింది. తెర మీద “వీటీ220 ఓకే” అని వచ్చింది.

వెనకవైపు కంప్యూటర్‌కు కలిపే తీగ అంత ఏడిపించలేదు. ఇరవై అయిదు పిన్నుల ఆర్ఎస్-232 ప్లగ్గు. రెండో పిన్నూ, మూడో పిన్నూ అడ్డంగా మార్చిన తీగ కోఠీలోనే కట్టించాను. ఎఫ్3 నొక్కి వేగం 9600 పెట్టి, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే ముక్కతో లినక్స్ ల్యాప్‌టాప్‌కు తగిలించాను. లాగిన్ అడిగింది.

నాన్న కూర్చుని మొదట కొట్టినవి స్టేషన్ కోడ్‌లు: ఎస్‌సీ, బీజెడ్‌ఏ, జీఎన్‌టీ. కీబోర్డు వైపు చూడకుండానే కొట్టారు. కొన్ని మీటలు బిగుసుకుపోయాయి, వాటిని ఇంకా శుభ్రం చేస్తున్నాను. ఇప్పుడు రోజూ సాయంత్రం కాసేపు దాని ముందు కూర్చుంటున్నారు.

ఈ బాధ పడనక్కర్లేకుండా పోయేది, దీన్ని వేలం వేసిన ఆఫీసులో ఒక్కరు ఒక్క పురికొస ముక్క వాడి ఉంటే. అందుకే అడుగుతున్నాను. మీ ఆఫీసులో, కాలేజీ ల్యాబులో, స్టోర్‌రూములో పాత టెర్మినల్ ఉంటే వేలానికి పంపే ముందు దాని కీబోర్డునూ, తీగలనూ దానికే కట్టి, మోడల్ నంబరు రాసిన చీటీ అంటించండి. పాత సామాను కొట్ల వాళ్ళూ విడగొట్టకుండా జతగా అమ్మండి. రాగి ధర కంటే ఎక్కువే ఇస్తాం.