ఆరు వేల రంపం

నేను ఫోను కొనాలన్నా వారం రోజులు స్ప్రెడ్ షీట్ వేసుకుని కూర్చునే రకాన్ని. అలాంటిది, చెట్లు కోసే మిషను కొనిపెట్టమని నాన్న అడిగితే ఊరుకుంటానా! పదిహేడు మోడళ్ళు, పన్నెండు కాలమ్స్. మా ఆవిడ ఓసారి తొంగిచూసి "ఈలోగా ఆ చెట్టు చెదలకి అయిపోతుంది" అనేసి వెళ్ళిపోయింది.

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటేటప్పుడు నేను హైదరాబాదులో హాయిగా నిద్రపోతున్నాను. మర్నాడు సాయంత్రానికి ఊరు చేరాను. పడిపోయిన చెట్ల కంటే నిలబడ్డ చెట్లని లెక్కపెట్టడం తేలిక. ఇంటిదారికి అడ్డంగా, తాతయ్య నాటిన పనస వేళ్ళతో సహా పడి ఉంది. గొడ్డళ్ళతో తెమిలే పని కాదు. కటింగ్ మిషను (చైన్ సా ని మావైపు అలాగే అంటారు) ఉన్నవాళ్ళు చుట్టుపక్కల ఇద్దరో ముగ్గురో. వాళ్ళంతా రోడ్లమీద పనిలో ఉన్నారు. మా పెద్దనాన్న కొడుకు ఎవరినో బతిమాలి ఒక మిషను తెచ్చాడు. లుంగీ, హవాయి చెప్పులు.

కూకటివేళ్ళతో పడిన చెట్టు ఇంక కదలదనుకుంటాం. కాదు. వేళ్ళతోపాటు ఓ గోడంత మట్టి లేచి నిలబడి ఉంటుంది. దాన్ని అలా వంచి పట్టుకున్నది మాను బరువే. మొదలు దగ్గర కోసేశామా, ఆ బరువు పోయి మొద్దు మళ్ళీ గోతిలోకి లేచి నిలుచుంటుంది, ఒక్క క్షణంలో. సరిగ్గా అదే జరిగింది. మొద్దు లేచింది, అన్నయ్య చేతిలో మిషను ఎగిరింది, మోకాలి కింద కోసేసింది. రోడ్డంతా చెట్లు, ఆటో రాదు. మంచం మీద నలుగురం రెండు గంటలు మోశాం. పదహారు కుట్లు. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు ఆ కాలు ముందు వెయ్యడు.

ఇదంతా కళ్ళారా చూసిన నాన్నకే ఆ మిషను కావాలి! "మళ్ళీ గాలొస్తే ఎవడొస్తాడ్రా? ఆళ్ళొచ్చీదాకా దారి లేకుండా కూకోవాలేటి?" అన్నాడు. కాదనలేం. మామూలు రోజుల్లో అయితే మిషనున్న మనిషిని కూలికి పిలవడమే చవక. ఏడాదికి రెండుసార్లు కూడా పని పడదు. కానీ తుఫాను మర్నాడు అందరికీ ఒకేసారి కావాలి కదా.

సరే, 2023 వేసవిలో స్ప్రెడ్ షీట్ తెరిచా. కరెంటు రంపాలు తేలిక, మోత తక్కువ, పెట్రోలు గొడవ లేదు. మొదట అవే నచ్చాయి. కానీ తిత్లీ తర్వాత మా ఊరికి కరెంటు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఇంట్లో ఉన్న చిన్న ఇన్వర్టరు 2000 వాట్ల మోటారుని లాగదు. అవసరమైన రోజునే పనిచెయ్యని సరుకు ఎందుకు? రెండు మూడు వేలకి దొరికే అరచెయ్యంత బ్యాటరీ రంపాలు కొమ్మలకి పర్లేదు గానీ, మానుని ఏం చేస్తాయి? పైగా చాలావాటికి చైన్ బ్రేకు ఉండదు.

మిగిలింది పెట్రోలు. పేరున్న కంపెనీవి మూడు నాలుగు రెట్లు ధర. ఆరు వేలకి 58 సీసీ, 22 అంగుళాల బారు అని ఊరించే పెట్టెలు బోలెడు. అంత పొడుగు బారు మనకెందుకండీ? కొబ్బరి మాను అడుగు మందం. బారు ముక్కు పైభాగం దేనికైనా తగిలిందంటే రంపం మొహం మీదకి ఎగురుతుంది. పొడుగు పెరిగేకొద్దీ ఆ ముక్కు ఎక్కడుందో కనబడదు. చైను సెకనుకి ఇరవై మీటర్ల వేగంతో తిరుగుతుంటుంది మరి. అందుకని 16 అంగుళాలది, ముందు చేతికవచం తోస్తే చైను ఠక్కున ఆగేది చూసి, ఆరు వేలలోనే తెప్పించాను. హెల్మెట్టు, బూట్లు, కాళ్ళకి కట్టుకునే కోతకవచం కలిపితే మిషను ధర దాటింది. నాన్న ఆ కవచాన్ని చూసి "ఇదేసుకుంటే ఎండకే పోతాను" అన్నాడు.

పెట్టెలో లేని ఖర్చులు తర్వాత తెలిశాయి. కొబ్బరి మాను ఎంత మెత్తగా కనిపిస్తుందో చైనుని అంత తొందరగా అరగదీస్తుంది, పీచు వెళ్ళి స్ప్రాకెట్టుకి చుట్టుకుంటుంది. పొట్టు ముక్కలుగా రాలాలి, పిండిలా వస్తే పదును పోయినట్టే. మా చైనుకి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. మొద్దుబారిన రంపాన్ని నొక్కి కోస్తే... అన్నయ్య కాలు గుర్తు తెచ్చుకోండి.

ఇక పెట్రోలు. ఎప్పుడో ఒకసారి వాడేవాళ్ళకి ఇదే అసలు శత్రువు. మరుసటి ఏడు సంక్రాంతికి వెళ్ళి తాడు లాగితే మిషను దగ్గనైనా లేదు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురై కార్బురేటరు మూసుకుపోయింది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు, అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. పనయ్యాక ట్యాంకు ఒంపేసి, దానంతటది ఆగేదాకా నడపాలి. నెలకోసారి పావు లీటరు పెట్రోలు, పది మిల్లీలీటర్ల టూ స్ట్రోకు ఆయిలు కలిపి ఆడించాలి. ఆఫీసులో రిస్టోరు చేసి చూడని బ్యాకప్పుని నమ్మొద్దని జూనియర్లకి క్లాసులు పీకేవాణ్ణి, నా ఇంట్లో సంగతి ఇది!

కార్బురేటరు శుభ్రం చేయించాను. మిషను బ్రహ్మాండంగా మోగింది. అప్పుడు పట్టుకుంది నాకు భయం. నాన్నకి అరవై ఎనిమిది, నేను హైదరాబాదులో. ఆ రాత్రి ఎవరికీ చెప్పకుండా స్పార్కు ప్లగ్గు విప్పి బ్యాగులో వేసుకుని వచ్చేశాను. స్ప్రెడ్ షీట్లో ఈ కాలమ్ లేదు మరి.

రెండు నెలల తర్వాత ఫోను చేస్తే వెనకాల అదే మోత.

"ఏంటి నాన్నా ఆ సౌండు?"

"ఏం లేదురా. ప్లగ్గు ఏటైపోనాదో, పలాసెల్లి కొత్తది తెచ్చాను."

"పక్కన ఎవరున్నారు?"

"మీ అన్న ఉన్నాడు. బూట్లేసుకోకపోతే తాడు లాగనివ్వనని కూకున్నాడు."