దోనె అమరమున



సంక్రాంతి సెలవుల్లో ఒక ఆదివారం నేను సంఘంలో లేను. అయ్యగారు కేరళ కన్వెన్షన్‌కి వెళ్ళారని కొందరు అనుకున్నారట. కన్వెన్షన్ కాదు. మా ఇంటిల్లిపాదీ కొల్లం దగ్గర మన్రో తురుత్తు అనే చోట కయాక్ తొక్కడానికి, అంటే తెడ్డు వేయడానికి, వెళ్ళాం. కయాక్ అంటే ఇద్దరు మనుషులు ముందొకరు, వెనకొకరు కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నని పడవ. పాస్టరుకి ఇదేం సరదా అనుకునేవారు ఉంటారు. నేనూ మొన్నటిదాకా అలా అనుకున్నవాణ్ణే. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానో చెప్పాలంటే ముందు ఒక పాత సంగతి చెప్పాలి.

మనలో పాతవారికి తెలుసు. 2012 జనవరి మొదటి వారంలో యవ్వనస్థుల కూటాన్ని సముద్రానికి తీసుకెళ్ళాం. రెండు ట్రక్కు ఆటోలు, వంట సామాను, వాలీబాల్. బయలుదేరే ముందు క్షేమం కోసం ప్రార్థన చేసింది నేనే. భోజనాలయ్యాక కుర్రాళ్ళు మోకాలి లోతులో దిగారు. ఒకడు తిరిగి రాలేదు. పందొమ్మిదేళ్ళవాడు, తల్లికి ఒక్కడే కొడుకు. గట్టున నిలబడి కేకలు వేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నాకు ఈత రాదు. మా దగ్గర తాడు లేదు, గాలి నింపిన ట్యూబ్ కూడా లేదు. సాంబారు డేగిసా ఉంది, మైకు ఉంది.

భూస్థాపన కూడికలో నేను దేవుని చిత్తం అన్నాను. ఆ మాట తప్పని ఇప్పుడూ అనను. కాని ఆ రోజు ఆ మాట వెనక నేను దాక్కున్నాను. ఆ తల్లి నన్ను ఒక్కటే అడిగింది: "మీరు అక్కడే ఉన్నారు కదా అయ్యగారూ?" ఉన్నానమ్మా అన్నాను. అంతకు మించి నోరు రాలేదు.

అప్పటినుంచి సంఘం తరఫున నీళ్ళ దగ్గరికి పిక్నిక్ లేదు. మా పిల్లలకైతే కాలువ గట్టు కూడా నిషేధమే. బాప్తిస్మాలకు నడుము లోతు కాలువలో దిగి నిలబడేవాణ్ణి నేనే, పిల్లలకు ఈత నేర్పనివ్వనివాణ్ణీ నేనే. మా ఆవిడ గోదావరి లంకలో పుట్టింది. వాళ్ళ నాన్న పడవ గెడ వేసేవారు. "నీళ్ళ మధ్య బతికే ఊళ్ళో పిల్లలకి నీళ్ళంటే తెలీకుండా పెంచడం భక్తా, భయమా అండీ?" అని ఓసారి అడిగింది. నేను బైబిలు తెరిచి చదువుతున్నట్టు కూర్చున్నాను.

మా పెద్దమ్మాయి ఇప్పుడు ఇంటరు. సెమినరీలో నాతో చదివిన మిత్రుడు కొల్లం దగ్గర సంఘ పరిచర్యలో ఉన్నాడు. వాళ్ళ పిల్లలు కయాక్‌లో తీసుకున్న వీడియో పంపితే, ఇది చూసి పట్టు పట్టింది. నేను వద్దన్నాను. అది ఏడవలేదు, అలగలేదు. "నాన్నా, మీరు భయపడొద్దని ఎన్ని ప్రసంగాలు చెప్పారో నేను లెక్కపెట్టనా?" అంది. వాళ్ళమ్మ అటు తిరిగి నవ్వుకుంది. టిక్కెట్లు తీశాను.

రైలు కొట్టాయం దాటి కొల్లం వైపు వెళ్తుంటే తెల్లవారుజామున మిత్రుడు ఫోన్ చేశాడు. ఇప్పుడు పెరుమణ్ వంతెన వస్తుంది, కిటికీలోంచి చూడు అన్నాడు. 1988 జూలై 8న ఐలాండ్ ఎక్స్‌ప్రెస్ ఆ వంతెన మీదనుంచి అష్టముడి సరస్సులో పడి వంద మందికి పైగా చనిపోయారు. అప్పుడు నేను చిన్నవాణ్ణి. పేపర్లో ఫోటో చూసిన గుర్తు లీలగా ఉంది. ఈ సంగతి నాకిప్పుడే చెప్పాలా అని మనసులో మిత్రుణ్ణి తిట్టుకున్నాను. ఆ చల్లటి గాలిలో కూడా అరచేతులు చెమటలు పట్టాయి. పక్కన మా చిన్నాడు బిస్కెట్లు తింటూ "నాన్నా, ఎంత నీళ్ళో!" అంటున్నాడు.

మన్రో తురుత్తు కొల్లం నుంచి సుమారు 25 కిలోమీటర్లు. కల్లడ నది వచ్చి అష్టముడి సరస్సులో కలిసే చోట ఎనిమిది చిన్న దీవుల గుంపు. తురుత్తు అంటే మన భాషలో లంక. మన్రో అనగానే మనకు మద్రాసు గవర్నరుగా ఉండి పత్తికొండలో కలరాతో చనిపోయిన థామస్ మన్రో గుర్తొస్తాడు. ఈయన వేరు. కల్నల్ జాన్ మన్రో, 1810 తర్వాత తిరువితాంకూరు సంస్థానంలో రెసిడెంటుగా, కొంతకాలం దివానుగా కూడా పనిచేశాడు. ఈ నేలను సాగులోకి తేవడానికి కాలువలు తవ్వించాడని చెబుతారు. మలయాళ బైబిలు కోసం పాటుపడిన బెంజమిన్ బెయిలీ వంటి సి.ఎం.ఎస్. మిషనరీలు అక్కడికి వచ్చింది కూడా ఆయన రోజుల్లోనే. కొబ్బరి చెట్లు, పీచు పని, ఇంటి ముందు కాలువ, కాలువలో కట్టేసిన పడవ... కోనసీమలో దిగినట్టే ఉంది.

ఉదయం ఆరింటికే రమ్మన్నారు. ఎండెక్కాక గాలి లేస్తుంది, గాలి లేస్తే సరస్సులో అలలు, పిల్లలతో కష్టం. మమ్మల్ని నడిపించినవాడు ఇరవై రెండేళ్ళ కుర్రాడు. నన్ను 'అచ్చన్' అని పిలిచాడు. అక్కడ పాదిరిగారిని అలాగే పిలుస్తారు. నాన్నకు కూడా ఇంచుమించు అదే మాట.

కుటుంబాలతో వెళ్ళాలనుకునేవారి కోసం అతను చేసినది కాస్త వివరంగా చెబుతాను. ముందు లైఫ్ జాకెట్లు. తొడిగి బకిల్స్ పెట్టాక, భుజాల దగ్గర జాకెట్టును పట్టుకుని పైకి లాగి చూశాడు. మా చిన్నాడిది గడ్డం దాటి చెవులదాకా లేచింది. అది పనికిరాదని తీసేసి చిన్న సైజు తెచ్చాడు. వదులుగా ఉన్న జాకెట్టు నీళ్ళలో మనిషిని వదిలి పైకి తేలిపోతుందట. తర్వాత ఛాతీ లోతు కూడా లేని చోటికి తీసుకెళ్ళి మమ్మల్ని కావాలని బోల్తా కొట్టించాడు! ఔను, ముందే. పడవ తిరగబడితే ఈదుకుంటూ గట్టుకు పోవాలని చూడకూడదు, పడవనే పట్టుకుని ఉండాలి. ఈ రకం కయాక్ పైన కూర్చునేది, లోపల నీళ్ళు నిండవు, ఎలా పడ్డా తేలుతుంది. దాన్ని సరిచేసి మళ్ళీ ఎక్కొచ్చు.

నా వంతు వచ్చింది. నీళ్ళు తల మీదికి వచ్చాయి. ఆ ఒక్క క్షణంలో నాకు ఆ అబ్బాయి గుర్తొచ్చాడు. వాడికి ఇలాగే చీకటిగా కనిపించి ఉంటుంది అనుకున్నాను. మరుక్షణం జాకెట్టు నన్ను పైకి తెచ్చేసింది. నేనేమీ చేయలేదు. మెడ నీళ్ళ పైన ఉంది, ఊపిరి ఆడుతోంది, మా అమ్మాయి పగలబడి నవ్వుతోంది. నేను ఏడుస్తున్నానని ఎవరికీ తెలియలేదు, మొహమంతా నీళ్ళే కదా. మూడు బకిల్స్ ఉన్న జాకెట్టు. మైకు కంటే తక్కువ బరువు.

బయలుదేరాం. మా ఆవిడ, చిన్నాడు ఒక కయాక్‌లో. ఆవిడ తెడ్డు వేస్తుంటే కుర్రాడు చూసి, ఈవిడకు నేర్పేదేం లేదన్నట్టు చెయ్యి ఊపాడు. నేను, అమ్మాయి మరోదాంట్లో. బరువైనవాళ్ళు, పెద్దవాళ్ళు వెనక కూర్చోవడం పద్ధతి. వెనక ఉన్నవాళ్ళే పడవను తిప్పుతారు, ముందున్నవాళ్ళు వేగం చూసుకుంటారు. కాబట్టి నేను వెనక. పది నిమిషాల్లో మూడుసార్లు మడ చెట్లలోకి దూసుకుపోయాం. ఒకసారి ఎవరి ఇంటి మెట్లకో తగిలితే అక్కడ గిన్నెలు తోముకుంటున్న పెద్దావిడ ఏదో అంది. దీవెన కాదని మాత్రం అర్థమైంది. తప్పు నాదే. కుడివైపు తెడ్డు వేస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. అది బుర్రకు తెలుసు, చేతులకు తెలియదు. పైగా ముందున్న పిల్లకు ప్రతి అడుగూ చెబుతూనే ఉన్నాను: ఇటు, అటు, ఆగు, వంగు.

చివరికి కుర్రాడు మమ్మల్ని లోతు లేని చోట ఆపి, "అచ్చన్ ముందుకి" అన్నాడు. అమ్మాయిని వెనక కూర్చోబెట్టాడు. పడవ ముక్కు కొంచెం కిందికి వంగింది, ఫర్వాలేదన్నాడు.

ముందు కూర్చున్నాక తెలిసింది అసలు కష్టం. నడిపే మనిషి మనకు కనిపించదు. తిరిగి చూద్దామంటే పడవ ఊగుతుంది. కాలువ సన్నబడింది, రెండు వైపుల మడ కొమ్మలు కలిసిపోయి గుహలా ఉంది, తర్వాత నడుమంత ఎత్తున కాలిబాట వంతెన. తల పూర్తిగా వంచి, దాదాపు పడుకుని, దాని కిందనుంచి పోవాలి. నా నోట్లోంచి మళ్ళీ "ఇటు" అని రాబోయింది. వెనకనుంచి "నాన్నా, మీరు తెడ్డు లోపల పెట్టేసుకుని తల వంచండి చాలు" అని వినిపించింది. వంచాను. ఆ సిమెంటు పలక నా వీపు మీదుగా జానెడు ఎత్తులో దాటిపోయింది. పడవ ఎక్కడా తగలలేదు.

అక్కడ, ఆ వంతెన దాటాక, నాకొక మాట తట్టింది. మార్కు 4వ అధ్యాయంలో తుపాను సంగతి చదివేటప్పుడు 'అమరము' అనే మాట వస్తుంది కదా. ప్రభువు దోనె అమరమున తలగడ మీద నిద్రపోయాడని. ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను, ప్రసంగించాను కూడా, ఆ మాట మీద ఒక్కసారీ ఆగలేదు. ఆ సాయంత్రం మా ఆవిడను అడిగితే "వెనక భాగం అండీ, చుక్కాని ఉండేది, మా నాన్న నిలబడేది అక్కడే" అంది. అంటే ఆయన నిద్రపోయింది ఒక మూల కాదు. పడవ తిప్పే చోట. తెడ్లు వేసే శిష్యుల వీపు వెనక. నాకిప్పటికీ ఆ తుపాను సంగతి పూర్తిగా అర్థమైందని చెప్పను. మన సంఘంలో ఒక తల్లికి తుపాను ఆగలేదు. ఆమె ముందు ఆ అధ్యాయం తీయడానికి నేను ఎన్నో ఏళ్ళు వెనకాడాను, తీసినా తొందరగా దాటేశాను.

కాలువ దాటి సరస్సులోకి వచ్చేసరికి సూర్యుడు పైకి వచ్చాడు. నీళ్ళలో నిలబడి గవ్వ చేపలు, అంటే ఆల్చిప్పల్లాంటివి, ఏరుతున్నవాళ్ళు కనిపించారు. అష్టముడిలో వాటి వేట పద్ధతిగా సాగుతోందని 2014లో అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి చేపల వేట అదే. తిరుగు దారిలో కుర్రాడు కొన్ని ఇళ్ళు చూపించాడు. గోడల మీద ఉప్పు నీటి చారలు, తలుపులు తీసేసిన గదులు. పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి. పైన కల్లడ నది మీద ఆనకట్ట కట్టాక ఒండ్రు రావడం తగ్గిందని, సునామీ తర్వాత నేల ఇంకా కుంగిందని అక్కడివాళ్ళ మాట. చాలా కుటుంబాలు వెళ్ళిపోయాయి. మన ఉప్పాడ తీరం గుర్తొచ్చింది. నీళ్ళకు భయపడే హక్కు ఎవరికైనా ఉందంటే వీళ్ళకు. ఆ ఇళ్ళ మధ్యనే అతను ఈ పని చేసుకుంటూ, వచ్చిన ప్రతి పిల్లవాడి జాకెట్టూ భుజాల దగ్గర లాగి చూస్తున్నాడు.

ఇంటికి వచ్చాక అమ్మాయి ఆ ఫోటో స్టేటస్‌లో పెట్టింది. నేను పెట్టొద్దని చెప్పడం మరిచాను. బుధవారం స్త్రీల కూడిక అయ్యాక ఆ తల్లి ఆగింది. "ఫోటో చూశానండీ" అంది. నేను పద్నాలుగేళ్ళుగా అనాల్సిన మాట అన్నాను. అమ్మా, ఆ రోజు ఒక తాడైనా తీసుకెళ్ళాల్సింది, ఈత వచ్చినవాళ్ళను గట్టున పెట్టాల్సింది, పెట్టనిది నేను, దేవుని చిత్తం అని చెప్పి తప్పించుకున్నాను, క్షమించమని అడుగుతున్నాను.

ఆమె చాలాసేపు చాప చుడుతూ ఉండిపోయింది. క్షమించానని అనలేదు. క్షమించలేదనీ అనలేదు. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "అమ్మాయిగారు ఏసుకున్న ఆ నారింజ రంగు చొక్కా ఎంతవుద్దండీ?" అని అడిగింది. ఆ ఆదివారం కానుకల సంచిలో ఒక మడత కాగితం వచ్చింది. లోపల రెండు ఐదొందల నోట్లు, 'చొక్కాకి' అని రాసి ఉంది. ఎవరు వేశారో నేను అడగలేదు.

మరికొందరు కూడా కలిపారు. ఆరు లైఫ్ జాకెట్లు, ముప్పై మీటర్ల నైలాన్ తాడు వచ్చాయి. స్టోరు గదిలో మైకు పక్కన తగిలించాం. ఈస్టరు తర్వాత బాప్తిస్మాలకు కాలువ గట్టున ఈత వచ్చిన ఇద్దరు సహోదరులు కావాలి. వేసవిలో పదేళ్ళు దాటిన పిల్లలకు ఈత నేర్పడానికి మా ఆవిడ ఒప్పుకుంది. పెద్దవాళ్ళ జట్టులో మొదటి పేరు నాది. పంపదలచినవారు ఈ ఆదివారం ఆరాధన తర్వాత సంఘ పెద్దల దగ్గర పేర్లు రాయించండి.